ఐసు ఫ్యాక్టరీ మధ్యాహ్నాలు

మా ఇంట్లో కొబ్బరినూనె సీసా వంటింటి కిటికీ గూట్లో ఉండేది. ధనుర్మాసం వచ్చిందన్న సంగతి నాకు గుడి మైకు కంటే ముందు ఆ సీసాయే చెప్పేది. రాత్రి పడుకునే ముందు నీళ్ళలా కదిలిన నూనె తెల్లవారేసరికి తెల్లగా పేరుకుని, సీసాను తలకిందులు చేసినా చుక్క రాల్చేది కాదు. బడికి వేళవుతోందని నేను గోల చేస్తుంటే అమ్మ దాన్ని పొయ్యిగట్టు మీద కాసేపు పెట్టేది. ముందు అంచుల వెంట కరిగేది. మధ్యలో మిగిలిన తెల్లటి ముద్ద కరిగిన నూనెలో మునిగి అడుగున కూర్చునేది. అది తేలదు, మునుగుతుంది. ఆ మాటతో నాకు తర్వాత పని ఉంది.

మాది నరసాపురం. వశిష్ఠ గోదావరి ఒడ్డున, సఖినేటిపల్లికి పంటు దాటే రేవుకు కొంచెం దిగువన ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. నాన్న అందులో ఆపరేటరు. 1980ల మొదట్లో మాట ఇది. నేను ఆరో తరగతి. ఆదివారాల్లోనూ వేసవి సెలవుల్లోనూ నాన్నకు అన్నం క్యారేజీ తీసుకువెళ్ళే పని నాదే. మే నెల మధ్యాహ్నం, కాళ్ళు కాలుతుంటే కొబ్బరిచెట్ల నీడ నుంచి నీడకు పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ రేకుల షెడ్డులో అడుగుపెడితే ఒక్కసారిగా ఒళ్ళు జలదరించేది. ఉప్పు వాసన, తడి గోనెల వాసన, వాటి వెనకాల ముక్కును సన్నగా పొడిచే అమ్మోనియా వాసన. పెద్ద చక్రం తిప్పుతూ కంప్రెసరు చేసే చప్పుడు. ఆ చప్పుడుకు అలవాటు పడిన నాన్న ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడేవారు. కొత్తవాళ్ళు కోపంగా ఉన్నారనుకునేవారు.

షెడ్డులో నేను నడిచిన నేల నిజానికి నేల కాదు. అది చెక్క మూతల వరుస. ఒక్కో మూత ఎత్తితే కింద పొడుగాటి ఇనుప డబ్బా, అందులో మంచినీళ్ళు. ఆ డబ్బాలన్నీ ఒక పెద్ద తొట్టెలో, ఉప్పునీళ్ళలో మెడ దాకా మునిగి ఉండేవి. ఉప్పునీళ్ళ చల్లదనం సున్నాకు పది డిగ్రీల కింద. అయినా అవి గడ్డకట్టవు, కదులుతూనే ఉంటాయి. వాటి మధ్యనున్న మంచినీళ్ళు మాత్రం రోజు తిరిగేసరికి రాయిలా బిగుసుకుంటాయి. రెండూ నీళ్ళే కదా, ఒకటి గడ్డకట్టి ఇంకొకటి ఎందుకు కట్టదని అడిగితే, "ఉప్పు ఊరుకోనివ్వదమ్మలూ" అనేవారు నాన్న. ఆయన చదివింది ఐదో తరగతి. ఉప్పు కలిస్తే నీటి ఘనీభవన స్థానం దిగిపోతుందని నేను ఇప్పుడు పిల్లలకు బోర్డు మీద రాసి చెబుతాను. నాన్న మాటలోనే ఎక్కువ ఉందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. గడ్డకట్టాలంటే నీటి అణువులు వరుసలో నిలబడాలి. ఉప్పు మధ్యలో దూరి నిలబడనివ్వదు.

నన్ను నిజంగా నిలబెట్టేసిన మాట ఇంకొకటి ఉంది. తొట్టె లోపల చుట్టలు చుట్టలుగా పాకిన గొట్టాల్లో ఏముందని అడిగాను. "అమ్మోనియా. మరుగుతోంది" అన్నారు. నేను నవ్వాను. మరగడమంటే నాకు తెలిసింది ఎసరు. మంట ఉండాలి, ఆవిరి రావాలి, ముట్టుకుంటే బొబ్బ ఎక్కాలి. మంచు పేరుకున్న గొట్టంలో మరగడమేమిటి? నాన్న నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని కంప్రెసరు దగ్గరికి తీసుకెళ్ళారు. లోపలికి వెళ్ళే గొట్టం మీద వేలెడు మందాన తెల్లటి మంచు. బయటికి వచ్చే గొట్టం దగ్గర చెయ్యి పెట్టనివ్వలేదు, జానెడు దూరంలో ఉంచి సెగ చూడమన్నారు. పెనం సెగలా తగిలింది. "ఒకటే సరుకు. ఇటు నుంచి వెళ్ళి అటు వస్తోంది. నలిపితే కాలుతుంది, వదిలితే చల్లబడుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు మూతి కాలదా? అదే" అన్నారు.

అలా నలిగి వేడెక్కిన వాయువు షెడ్డు పైకప్పు మీద గొట్టాల్లోకి వెళ్ళేది. ఆ గొట్టాల మీద పగలూ రాత్రీ నీళ్ళు జారుతూ ఉండేవి. వేడిని ఆ నీళ్ళకు ఇచ్చేసి వాయువు ద్రవమయ్యేది. ఆ ద్రవాన్ని సన్నటి కవాటం గుండా తొట్టెలోని చుట్టల్లోకి వదిలితే, ఒత్తిడి తగ్గగానే అది మళ్ళీ మరిగేది. మామూలు ఒత్తిడిలో అమ్మోనియా మరగడానికి సున్నాకు 33 డిగ్రీల కింద ఉన్న చల్లదనమే చాలు. మరగాలంటే వేడి కావాలి. ఆ వేడిని ఉప్పునీళ్ళ నుంచి లాక్కుంటుంది, ఉప్పునీళ్ళు డబ్బాల్లోని మంచినీళ్ళ నుంచి లాక్కుంటాయి. గోదావరి జిల్లా ఎండలో మంచు పుట్టడానికి కారణం ఒక ద్రవం మరగడమే. ఇంత అందమైన విషయం నాకు పదకొండేళ్ళకే, చేత్తో సెగ చూసి తెలిసింది. అంత అదృష్టం ఎందరికి దక్కుతుంది!

అన్నం తిన్నాక నాన్న స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి ఒక మంచుముక్క వేసి ఇచ్చేవారు. కొంతసేపటికి గ్లాసు బయటంతా నీటిబొట్లు. గ్లాసుకు చిల్లి పడిందని ఫిర్యాదు చేశాను. నాన్న భుజం మీది తువ్వాలుతో గ్లాసును పొడిగా తుడిచి, నా కళ్ళ ముందే స్టూలు మీద పెట్టారు. మళ్ళీ బొట్లు. "చిల్లి ఉంటే కిందనే కారాలి, పైన ఎలా కారుతుంది? లోపలి నీళ్ళు బయటికి రాలేదమ్మలూ. గాలిలో ఉన్న నీళ్ళే వచ్చి వాలాయి. నువ్వు వదిలిన ఊపిరి కూడా ఉంటుంది అందులో" అన్నారు. నా ఊపిరి బొట్టుగా మారి గ్లాసు మీద నిలబడిందన్న ఊహకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దిమ్మలు తీసే వేళ నాకు అన్నిటికంటే ఇష్టం. పైన పట్టాల మీద నడిచే కప్పీతో డబ్బాలను పైకి లేపి మామూలు నీళ్ళ తొట్టెలో ఒక్క నిమిషం ముంచేవారు. దిమ్మ అంచు పలచగా కరిగి డబ్బా గోడను వదిలేది. వంచగానే నాకంటే బరువైన దిమ్మ సర్రున జారి వచ్చేది. డబ్బాను నీళ్ళతో నిండుగా నింపరు, నాలుగు వేళ్ళు ఖాళీ వదులుతారు. గడ్డకట్టేటప్పుడు నీరు పెరుగుతుంది. పదకొండు డబ్బాల నీటికి పన్నెండు డబ్బాల మంచు అవుతుందని లెక్క. అందుకే దిమ్మ పైభాగం మధ్యలో కొంచెం ఉబ్బి ఉండేది. మా ఇంటి సీసాలో కొబ్బరినూనె పేరుకున్నప్పుడు మధ్యలో గుంట పడేది. ఒకటి ఉబ్బుతుంది, ఇంకొకటి కుంచించుకుపోతుంది. ఈ తేడా నాకై నేను కనిపెట్టి పరుగెత్తుకు వెళ్ళి చెబితే, నాన్న చేతిలో స్పానరు కింద పెట్టి, ఇంటికి వచ్చాక సీసా చూపించమన్నారు. సంక్రాంతి దాకా ఆగాల్సి వచ్చింది. చూపించాను. మంచు నీళ్ళలో తేలుతుంది, నూనె ముద్ద నూనెలో మునుగుతుంది, లోకంలో ఎక్కువ పదార్థాలు నూనె లాంటివే, నీరే వేరు. ఇదంతా పుస్తకంలో చదివింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. కొబ్బరినూనె కరిగేది 24 డిగ్రీల దగ్గర. మా వైపు రాత్రులు ధనుర్మాసంలో సరిగ్గా ఆ గీతను దాటి కిందికి వెళతాయి. అందుకే పగలు ద్రవం, రాత్రి ఘనం. ఆ సీసా మా ఇంటి ఉష్ణమాపకం.

దిమ్మను ఎండకు ఎదురుగా పెట్టి చూస్తే అంచులు గాజులా ఉండి నడుమ మాత్రం తెల్లటి నార కనిపించేది. ఆ నార ఏమిటో నాన్నకు తెలియదు. తెలియదని చెప్పారు కూడా. డబ్బా అంచుల నుంచి లోపలికి గడ్డకడుతూ వచ్చే నీరు తనలో కరిగిన గాలినీ లవణాలనీ నడుమకు తోసుకుంటూ వస్తుందనీ, చివరకు దారి లేక ఆ గాలి బుడగలుగా చిక్కుకుపోతుందనీ నేను కాలేజీలో తెలుసుకున్నాను. ఆ వారమే ఉత్తరం రాశాను. నాన్న దాన్ని ఫ్యాక్టరీలో అందరికీ చదివి వినిపించారట.

శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు తగిలి పులస ఎదురెక్కే రోజుల్లో ఫ్యాక్టరీకి ఊపిరి సలిపేది కాదు. దిమ్మలను మరలో వేసి చిదిపి తట్టలకు ఎత్తేవారు. చేప వరుస, ఐసు వరుస, మళ్ళీ చేప వరుస. దూరం వెళ్ళే దిమ్మలను ఊకలో కప్పి గోనె చుట్టేవారు. ఊకలో చల్లదనం ఏమీ లేదు. దాని సందుల్లో చిక్కుకున్న గాలి వేడిని త్వరగా దాటనివ్వదు, అంతే. ఈ ఉపాయంతోనే 1833లో అమెరికా నుంచి చెరువుల మంచును వేడి తగలకుండా కప్పి, దాదాపు నాలుగు నెలలు ఓడలో తెచ్చి కలకత్తాలో దించారు. మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్‌హౌస్ అని ఇప్పటికీ పిలిచే కట్టడం 1842లో ఆ మంచును దాచడానికే కట్టారు. ఇది చెప్పినప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది ఒక్కటే, "ఎంత కరిగిపోయి ఉంటుందో!"

తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు పాఠం చెప్పారు. ఘన పదార్థానికి సొంత ఆకారం, సొంత ఘనపరిమాణం ఉంటాయి. ద్రవానికి ఘనపరిమాణం ఉంటుంది, ఆకారం పాత్రది. వాయువుకు రెండూ లేవు. నేను లేచి, "చిదిపిన ఐసును తట్టలో పోస్తే తట్ట ఆకారమే వస్తుంది కదండీ, అది ద్రవమా?" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు, మర్నాడు ఇంటి నుంచి కుంచం నిండా ధాన్యం తెమ్మన్నారు. కుంచానికి పైన ఇంకో నాలుగు దోసిళ్ళ ధాన్యం పోస్తే శిఖరంలా నిలిచింది. చెంబులో నీళ్ళు అలా పోయమన్నారు. పొర్లిపోయాయి. "గింజ గింజా తన ఆకారాన్ని వదులుకోలేదు కాబట్టే ఒకదాని మీద ఒకటి ఆనుకుని కుప్ప నిలబడింది. నీళ్ళను రాశి పోయగలిగినవాడు ఈ డెల్టాలో ఇంకా పుట్టలేదు" అన్నారు. వెనక బెంచీలో ఒక కుర్రాడు, నిండిన చెంబు అంచు మీద కూడా నీళ్ళు రవ్వంత ఉబ్బి ఉన్నాయని చూపించాడు. మాస్టారు సంబరపడిపోయి, గంట కొట్టినా వినిపించుకోకుండా తలతన్యత గురించి చెప్పారు. అణువుల గురించి ఆయన చెప్పింది అంతర్వేది తీర్థం పోలికతో. రథం ముందు భుజం భుజం రాసుకుని కదల్లేక నిలబడ్డ జనం ఘనం. బజారులో తోసుకుంటూ ఒకరినొకరు దాటుకుంటూ సాగే జనం ద్రవం. తీర్థం విడిచాక సముద్రపు ఇసుకలో ఎవరి దారిన వారు విడిపోయిన జనం వాయువు. జనం అదే జనం. నేను ఇప్పటికీ ఆ పోలికనే వాడుతున్నాను.

వాయువు గది మొత్తాన్ని ఆక్రమిస్తుందన్న వాక్యం మాత్రం నాకు పుస్తకం వల్ల అర్థం కాలేదు. ఆ ఏడాదే ఒక సాయంత్రం ఫ్యాక్టరీలో కవాటం దగ్గర వాయువు కారకుండా ఆపే ప్యాకింగు పోయింది. మేము రేవు గట్టు మీద ఆడుకుంటున్నాం. ఎవరూ అరవకముందే వాసన వచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు, గొంతులో మంట. పనివాళ్ళు బయటికి పరుగెత్తుకొస్తుంటే నాన్న తువ్వాలు నీళ్ళలో ముంచి ముఖానికి చుట్టుకుని లోపలికి వెళ్ళారు. తడి తువ్వాలు ఎందుకంటే, నీరు తనకు వందల రెట్ల ఘనపరిమాణం గల అమ్మోనియాను తనలో కలిపేసుకుంటుంది. ఆయన చేతిలో వెలిగించిన గంధకం పుల్ల ఉంది. దాని పొగ అమ్మోనియాకు తగిలిన చోట చిక్కటి తెల్లపొగ లేస్తుంది, కారేది ఎక్కడో కంటికి కనిపిస్తుంది. కవాటం కట్టేసి బయటికి వచ్చేసరికి కళ్ళు నెత్తురు ముద్దలు. వారం రోజులు అమ్మ ఆయన కళ్ళకు తడిబట్ట వేసింది. నాన్న మాత్రం కొత్త ప్యాకింగు ఎలా వేశారో చెబుతూనే ఉన్నారు.

1990 మే తుపానుకు రోజుల తరబడి కరెంటు లేదు. కంప్రెసరు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా వీధి వీధంతా నిద్రపోలేకపోయింది. నాన్న ఇంటికి రాకుండా తొట్టె మూతల మీద ఊక, గోనెలు, తాటాకులు పరిచి కాపలా కూర్చున్నారు. మంచు అంత త్వరగా ఓడిపోదు. గ్రాము మంచు కరగడానికే 80 కేలరీల వేడి కావాలి. ఆ వేడి మింగుతూ కూడా అది సున్నా డిగ్రీలు దాటదు. చివరి ముక్క కరిగే దాకా చల్లదనాన్ని విడవదు. మూడో రోజు రాత్రి నది అవతలి నుంచి ఇద్దరు వచ్చారు. ఇంట్లో పెద్దాయన పోయారు, దారులన్నీ చెట్లు కూలి మూసుకుపోయాయి, కొడుకు రావడానికి రెండు రోజులు పడుతుంది. నాన్న నాలుగు దిమ్మలు తీయించి ఊకలో చుట్టి పడవెక్కించారు. పుస్తకంలో తన పేరు మీద రాసుకున్నారు. కొడుకు వచ్చే దాకా మంచు ఆగిందని తర్వాత కబురు తెలిసింది.

1995 జనవరి 8న పసర్లపూడి దగ్గర గ్యాసు బావి పేలి మంట లేచింది. సంక్రాంతికి ఇంటికి వచ్చిన నన్ను వెంటబెట్టుకుని నాన్న పంటు దాటి, బస్సెక్కి, రానిచ్చినంత దగ్గరికి తీసుకెళ్ళారు. కొబ్బరితలల పైన నిలువెత్తు నిప్పు. నేల అడుగున ఎంత ఒత్తిడితో అణగి ఉందో అంత ఉరుముతో పైకి తన్నుకొస్తోంది. ఆ మంట 65 రోజులు మండింది. బతుకంతా వాయువును గొట్టంలో పెట్టి, ఒత్తిడి ముల్లు చూసుకుంటూ గడిపిన మనిషి ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకుని అలాగే నిలబడిపోయారు. తిరుగు బస్సులో "ముల్లు ఎంత చూపిస్తుందో దానికి" అన్నారు.

ఇప్పుడు నేనుండే ఊళ్ళో ఏసీ బాగుచేయడానికి వచ్చే కుర్రాడు "టన్నున్నరదండీ" అంటాడు. టన్ను బరువు ఎక్కడుందని నా విద్యార్థులు అడుగుతారు. టన్ను నీటిని రోజులో మంచుగా మార్చే శక్తి అది. ఆ టన్ను అమెరికా వాళ్ళది, మన లెక్కలో 907 కిలోలు. యంత్రాలు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఎంత మంచుకు సమానమో చెబితేనే జనానికి అర్థమయ్యేది. ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఆ కప్పీ గొలుసు చప్పుడు వినిపిస్తుంది.

నాన్న పోయినప్పుడు నేను చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆయనను అద్దెకు తెచ్చిన ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. పైన గాజు మూత, కింద చిన్న కంప్రెసరు ఆగకుండా మోగుతోంది. వచ్చేపోయే జనంతో గది ఉక్కపోస్తోంది. నిమిషానికోసారి గాజు మీద చెమ్మ పట్టి నాన్న ముఖం మసకబారేది. అమ్మ తువ్వాలుతో తుడిచేది, మళ్ళీ పట్టేది. తెల్లవారుజామున జనం పలచబడ్డాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"లోపల నీళ్ళు కారుతున్నాయేమో చూడమ్మా" అంది.

"లోపలివి కాదమ్మా. బయటివే. మన ఊపిరే" అన్నాను.

అమ్మ చేతిలోంచి తువ్వాలు తీసుకున్నాను. తుడిచాను.